సాగు తగ్గించుకునే వయసులో ఎక్కడ ఉండాలి? ఊరు మారే ముందు చిన్న రైతులు చూసుకోవలసిన విషయాలు

మోకాళ్లు సహకరించవు. కూలీలు దొరకరు. దొరికినా దగ్గరుండి పని చేయించుకునే ఓపిక ఉండదు. పట్నంలో ఉన్న కొడుకో, కూతురో ఫోన్ చేసినప్పుడల్లా "ఇంకెన్నాళ్లు నాన్నా ఆ మట్టిలో, మా దగ్గరికి వచ్చేయండి" అంటారు. అరవై దాటిన చిన్న రైతు ఇంట్లో ఈ మాట మొదలైందంటే రెండు మూడేళ్లలో ఏదో ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. విత్తనం కొనేటప్పుడు నలుగురిని అడిగే రైతు ఈ నిర్ణయాన్ని మాత్రం చాలాసార్లు సంక్రాంతికో దసరాకో పిల్లలంతా చేరిన రోజున, భోజనాల తర్వాత గంటలో తేల్చేస్తాడు. ఆ గంటలోనే పొలం ఎవరి పేరున రాయాలి, ఇల్లు ఏం చేయాలి, గేదెలు ఎవరికి అమ్మాలి అన్నవి కూడా తేలిపోతాయి.

రెండు నుంచి ఐదెకరాల భూమి, ఊళ్లో సొంత ఇల్లు ఉండి, పిల్లలు వేరే చోట స్థిరపడిన రైతు దంపతుల కోసం ఈ వ్యాసం. ఎక్కడికి మారాలి, మారితే పొలం సంగతేమిటి, ఏ పని ముందు చేయాలి, ఏది చివరికి ఉంచుకోవాలి అన్నవి ఇందులో చూద్దాం.

ఇద్దరిలో ఒకరే మిగిలితే

చోటు ఎంచుకునేటప్పుడు అందరూ ఇద్దరం కలిసి ఉంటామన్న లెక్కతోనే ఆలోచిస్తారు. భర్త బండి నడుపుతాడు, బ్యాంకుకు వెళ్తాడు, మందులు తెస్తాడు. భార్య వంట, ఇల్లు, పాడి చూసుకుంటుంది. ఇద్దరూ ఉన్నంత కాలం ఏ చోటైనా సర్దుకుంటుంది. మన ఇళ్లలో భార్య వయసు సాధారణంగా భర్త కంటే నాలుగైదేళ్లు తక్కువ ఉంటుంది. కాబట్టి చివరి కొన్నేళ్లు ఒంటరిగా గడపవలసింది ఎక్కువగా ఆమే. అందుకే చోటు గురించి మాట్లాడేటప్పుడు మొదట అడగవలసింది ఆమెనే: "నేను లేకపోతే నువ్వు ఇక్కడ ఉండగలవా?"

ఈ ప్రశ్న వేసుకుంటే చాలా చోట్లు వాటంతటవే పక్కకు పోతాయి. ఊరికి దూరంగా పొలంలో కట్టుకున్న ఇల్లు ఇద్దరికీ హాయిగా ఉంటుంది. ఒక్కరికైతే రాత్రి పూట ఒంట్లో బాగోలేకపోతే పిలిస్తే పలికేవారు ఉండరు. లిఫ్టు లేని మూడో అంతస్తు కూడా ఇలాంటిదే. మోటారు సైకిలు నడిపే మనిషి లేకపోతే బస్సు ఆగని ఊరు జైలుతో సమానం. మరోవైపు పదిమంది ఆడవాళ్లు అరుగు మీద కూర్చునే పాత వీధిలోని చిన్న పెంకుటిల్లు ఎంత పాతదైనా ఒక్క మనిషికి కొండంత అండ.

ఏ చోటు ఎంచుకున్నా ఈలోగా చేయవలసిన పని ఒకటుంది. బ్యాంకు ఖాతాను ఇద్దరి పేరున మార్చండి. ఏటీఎం కార్డు వాడటం, గ్యాస్ బుక్ చేయడం, పాసుపుస్తకాలు ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలియాలి. పొలం కాగితాలు ఏ ట్రంకుపెట్టెలో ఉన్నాయో భార్యకు తెలియని ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి.

ఉన్న ఊళ్లోనే ఉండటం

అన్నిటికంటే ఖర్చు తక్కువైన మార్గం ఇదే. చాలామందికి ఇదే సరైన మార్గం కూడా. ఉండేది ఉన్న ఊళ్లోనే అయినా, ఉన్న ఇంట్లో ఉన్నట్టే ఉండాలని మాత్రం కాదు. పెద్ద ఇంటిని సగానికి తగ్గించుకోవచ్చు. పొలంలో ఇల్లు ఉన్నవాళ్లు ఊరి మధ్యకు, బస్సు ఆగే వైపుకు మారవచ్చు. మరుగుదొడ్డి దొడ్లో చివర ఉంటే ఇంటికి ఆనుకుని కట్టించుకోవాలి. అందులో కూర్చుని లేవడానికి గోడకు పైపు పట్టు, వీలైతే కుర్చీ లాంటి దొడ్డి, నునుపు లేని బండలు, రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఉండాలి. పెద్దవాళ్ల తుంటి ఎముక విరిగేది పొలంలో కాదు, అర్ధరాత్రి దొడ్లోకి వెళ్లేటప్పుడు. పట్నంలో ఒక ఏడాది కట్టే అద్దెతో పోలిస్తే ఈ మార్పులకు అయ్యే ఖర్చు పెద్దది కాదు.

ఊళ్లో ఉండాలనుకునేవారు వైద్యం విషయం తప్పక చూసుకోవాలి. బీపీ, షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనూ, తెలంగాణలో పల్లె దవాఖానాలోనూ ఉచితంగా ఇస్తారు. కాబట్టి మామూలు జబ్బులకు ఊరే చాలు. గుండె జబ్బు ఉన్నవారికి, డయాలసిస్ అవసరమైనవారికి, ఒకసారి పక్షవాతం వచ్చి తగ్గినవారికి మాత్రం ఊరు సరిపోదు. వారు ఆసుపత్రి ఉన్న పట్టణానికి దగ్గరగా ఉండాల్సిందే. 108 ఫోన్ చేస్తే మీ ఊరికి ఎంతసేపట్లో వస్తుందో ఊళ్లో ఇంతకుముందు పిలిచినవారిని అడిగితే తెలుస్తుంది.

దగ్గరి పట్టణం: చాలామంది ఆలోచించని మార్గం

మన రైతులు ఊరు లేదా హైదరాబాదు అన్నట్టు రెండే ఆలోచిస్తారు. మధ్యలో మండల కేంద్రం, డివిజన్ కేంద్రం ఉన్నాయి. పొలానికి పదిహేను ఇరవై కిలోమీటర్ల లోపు ఉండి, ఏరియా ఆసుపత్రి, బ్యాంకు, రైతు బజారు, బస్‌స్టాండు ఉన్న పట్టణంలో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుంటే రెండు వైపులా అందుబాటులో ఉండవచ్చు. వారానికి రెండుసార్లు పొలం చూసి రావచ్చు. పెళ్లికీ చావుకీ ఊరికి వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇప్పుడు టికెట్ లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఈ సదుపాయం ఉంది. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకుంటే చాలు.

పట్టణంలో ఇల్లు చూసేటప్పుడు అద్దె కంటే ముందు కింది అంతస్తేనా, ఆటో గుమ్మం దాకా వస్తుందా, మంచినీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారు, మీ ఊరివాళ్లో బంధువులో ఆ వీధిలో ఎవరైనా ఉన్నారా అని అడగండి. చివరి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. పక్క ఊళ్ల నుంచి వచ్చినవారు ఎక్కువగా ఉండే పేటలు ప్రతి పట్టణంలోనూ ఉంటాయి. అద్దె కాస్త ఎక్కువైనా అక్కడే తీసుకోవడం మేలు. ఇల్లు కొనడం గురించి మొదటి ఏడాది అసలు ఆలోచించవద్దు. పొలం అమ్మి పట్టణంలో ఇల్లు కొంటే, ఏటా రాబడి ఇచ్చే ఆస్తి పోయి, ఏటా పన్ను కట్టాల్సిన ఆస్తి మిగులుతుంది.

పిల్లల దగ్గరికి

మా పెదనాన్న గారు మెట్ట ప్రాంతంలో నాలుగెకరాల రైతు. పెద్దమ్మకు ఆపరేషన్ అయ్యాక ఇద్దరూ హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లారు. ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు పని చేసిన రోజులు తక్కువ. కొడుకు, కోడలు మంచివాళ్లే, ఇద్దరూ ఉద్యోగస్తులే. పొద్దున్నే నాలుగింటికి లేచి చేను చుట్టి వచ్చే మనిషి అక్కడ బాల్కనీలో కూర్చుని తొమ్మిదింటి దాకా ఎదురు చూసేవారు. చేతికి పని లేదు, పలకరింపుకు మనిషి లేడు. ఎనిమిది నెలలకు ఊరికి తిరిగి వచ్చారు. అప్పటికి వెనక వసారా రెండు వానలకు కూలిపోయి ఉంది, గేదెలు లేవు, పొలం కొడుకు పేరున రిజిస్టరు అయింది. కొడుకు ఏమీ అన్యాయం చేయలేదు. అయినా పెదనాన్న తన చేలో వేసే పంటకు కొడుకు పేరున ఎరువులు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన నవ్వేవారు, కానీ ఆ నవ్వు చూడలేకపోయేవాళ్లం.

పట్నం వద్దని చెప్పడం కాదు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో, పెద్దవారు అవసరమైన ఇంట్లో, సొంత ఇల్లు ఉండి నాలుగు మొక్కలు పెంచుకునే చోటు ఉన్న ఇంట్లో చాలామంది సుఖంగా ఉన్నారు. వైద్యానికి పట్నమే మేలు. వెళ్లే ముందు పిల్లలతో కొన్ని విషయాలు స్పష్టంగా మాట్లాడుకోవాలి. మీకంటూ ఒక గది ఉందా? పగలు ఇంట్లో ఎవరుంటారు? మీ పింఛను, కౌలు డబ్బు మీ చేతిలోనే ఉంటుందా? వాళ్ల ఉద్యోగం మరో నగరానికో, విదేశానికో మారితే మీరు ఎక్కడ ఉండాలి? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతాం. ఐటీ ఉద్యోగాల కాలంలో మాత్రం అడగక తప్పని ప్రశ్న ఇది.

ఇద్దరు ముగ్గురు కొడుకులున్న ఇళ్లలో వంతులు వేసుకుంటారు. నెలకొకరి దగ్గర, లేదంటే తల్లి ఒకరి దగ్గర, తండ్రి ఒకరి దగ్గర. నలభై ఏళ్లు కలిసి కష్టం చేసిన మనుషుల్ని డెబ్భై ఏళ్ల వయసులో విడదీయడం ఎవరి సౌకర్యం కోసం జరిగినా తప్పే. ఇద్దరినీ కలిపి చూసుకోలేమని పిల్లలు అంటే ఊళ్లో ఉండి, ఆ ఖర్చే నెలనెలా పంపమనడం మంచిది.

కూతురి ఊరు మన జాబితాలో చివరికి వస్తుంది, "అల్లుడింట్లో ఉన్నారు" అన్న మాట పడాలని. ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతా అమలైంది. బాధ్యత పంచుకోవడానికి ముందుకొచ్చే కూతురు ఉంటే, ఆమె ఇంట్లో కాకపోయినా ఆమె వీధిలో అద్దెకు ఉండటం తల్లికి ఎంతో ధైర్యం.

దూరాన్ని బట్టి పంట

ఎక్కడ ఉండాలో తేలాకే పొలంలో ఏముండాలో తేలుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి నష్టపోతారు. పట్నానికి వెళ్తూ టమాటా, మిరప వేసి ఎవరికో అప్పగిస్తారు.

నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంటే ఇరవై ముప్పై సెంట్లు మీ చేతిలో ఉంచుకోండి. ఆకుకూరలు, బెండ, వంగ, గట్ల మీద కంది, నాలుగు మునగ చెట్లు ఉంటే ఇంటికి సరిపోతాయి, ఒంటికి వ్యాయామం కూడా. ఒక గేదె కంటే ఎక్కువ పాడి ఉంచుకోవద్దు. గడ్డి మోయడం, పేడ తీయడం, రెండు పూటలా పాలు పితకడం ఒక్క రోజు కూడా ఆగని పనులు.

బస్సులో వెళ్లి వచ్చే దూరమైతే తోటలు అనుకూలం. కొబ్బరి ఉన్న చోట ఒకటిన్నర, రెండు నెలలకోసారి దింపు, మధ్యలో నీరు, ఎరువు చూసుకుంటే సరిపోతుంది. మామిడిలో కోత అయ్యాక కొమ్మ కత్తిరింపులకు, పూత దశలో తేనెమంచు పురుగు, బూడిద తెగులు చూసుకోవడానికి తరచుగా వెళ్లాలి. మిగతా రోజుల్లో పని తక్కువ. ఆయిల్ పామ్‌లో గెలలు పది పదిహేను రోజులకోసారి కోయాలి, నీరు ఎక్కువ కావాలి, డ్రిప్ ఉండాలి. మొక్క నాటిన మొదటి మూడేళ్లు రాబడి ఉండదు. అరవై ఐదేళ్లు దాటాక కొత్తగా తోట పెట్టేవారు ఆ మూడు నాలుగేళ్లు ఇల్లు దేనితో గడుస్తుందో ముందే చూసుకోవాలి. ఉన్న తోటను నిలుపుకోవడం వేరు, కొత్తగా నాటడం వేరు.

నెలకోసారి కూడా వెళ్లలేని దూరమైతే సాగు మీరు చేస్తున్నామనుకోవడం భ్రమ. కౌలుకు ఇవ్వడం, లేదా సరుగుడు, సుబాబుల్, జామాయిల్ లాంటివి వేయడం మాత్రమే మార్గాలు. ఇవి నరకడానికి నాలుగైదేళ్లు పడుతుంది, మధ్యలో పని తక్కువ. జామాయిల్ వేస్తే పక్క చేనులో పంట దెబ్బతింటుందని గట్టు రైతులతో తగాదా వస్తుందని గుర్తుంచుకోండి. ఊళ్లో లేని మనిషికి తగాదా మరింత కష్టం.

మనిషి తిరగని పొలంలో మొదట పోయేది మోటారు, స్టార్టరు, రాగి వైరు. ఆ తర్వాత గట్టు జరుగుతుంది. హద్దురాళ్లు ఫొటో తీసి పెట్టుకోండి. మోటారును కౌలుదారుకు రాతపూర్వకంగా అప్పగించండి.

కౌలుకు ఇచ్చేటప్పుడు

నోటి మాట మీద కౌలుకు ఇవ్వడం మన దగ్గర అలవాటు. కాగితం రాస్తే భూమి మీద హక్కు వస్తుందేమోనని యజమానుల భయం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు ఒప్పందం 11 నెలలకే ఉంటుంది. పంట మీద, పంట రుణం, బీమా, పరిహారం మీద కౌలుదారుకు హక్కు వస్తుంది తప్ప భూమి యాజమాన్యం మీద రాదు. కౌలు కార్డు లేని రైతుకు బ్యాంకు రుణం రాదు, పంట పోతే పరిహారం రాదు, చివరికి మీ కౌలే ఆగిపోతుంది. కాబట్టి సంతకం పెట్టడం మీకూ మంచిదే. తెలంగాణలో ఉన్నవారు కనీసం తెల్లకాగితం మీద ఎన్నాళ్లకు, ఎంతకు, ఎప్పుడు చెల్లించాలి, బోరు రిపేరు ఎవరిది అన్నవి రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించుకోవాలి. పది రూపాయలు ఎక్కువ ఇస్తానన్నవారి కంటే పక్క పొలం ఉన్న రైతుకు ఇవ్వడం మంచిది. తన చేనుకు వచ్చినప్పుడల్లా మీ చేనూ చూస్తాడు.

కౌలు మొత్తం డబ్బుగానే తీసుకోకుండా కొంత ధాన్యంగా అడగండి. ఏడాదికి ఇద్దరికి సరిపోయే బియ్యం సొంత చేలోంచి వస్తే ఏ ఊళ్లో ఉన్నా ఇల్లు గడుస్తుంది.

భూమి పేరు మార్చడం ఎందుకు చివరికి ఉంచుకోవాలి

ఊరు మారుతున్నప్పుడే "ఎలాగూ వాళ్లకే కదా" అని భూమి పిల్లల పేరున రిజిస్టరు చేస్తారు. ఒక చిన్న లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో మూడెకరాలున్న దంపతులకు ఈ వ్యాసం రాసే నాటికి ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను నెలకు 4,000, అంటే ఏడాదికి 48,000 రూపాయలు. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ కలిపి 20,000. మొత్తం 68,000. తెలంగాణలో అదే మూడెకరాలకు రైతు భరోసా ఎకరాకు ఏటా 12,000 చొప్పున 36,000, పీఎం కిసాన్ 6,000, పింఛను నెలకు 2,016 చొప్పున 24,192. మొత్తం 66,192. ఇందులో తెలంగాణ రైతుకు 42,000, ఆంధ్ర రైతుకు 20,000 భూమి తన పేరున ఉన్నందుకే వస్తున్నాయి. ఇవి కౌలు కాకుండా. భూమి కొడుకు పేరుకు మారితే ఈ డబ్బు మీకు ఆగిపోతుంది. కొడుకు ఆదాయపు పన్ను కట్టేవాడైతే పీఎం కిసాన్ అతనికీ రాదు.

డబ్బు కంటే పెద్ద సంగతి మరొకటుంది. రిజిస్టరు చేసిన దాన దస్తావేజు ఆ రోజే అమలవుతుంది. ఆ తర్వాత మీ భూమిని అమ్మినా తాకట్టు పెట్టినా వాళ్ల ఇష్టం. వీలునామా అలా కాదు. మీ తర్వాతే అమలవుతుంది, బతికి ఉన్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకం తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించడం మంచిది. చిన్న రైతుకు చాలా సందర్భాల్లో వీలునామాయే సరిపోతుంది.

తప్పనిసరిగా ఇప్పుడే రాయాల్సి వస్తే రెండు జాగ్రత్తలు తీసుకోండి. మొదటిది, ఇద్దరూ బతికి ఉన్నంత కాలం ఫలసాయం అనుభవించే హక్కు మీకే ఉంటుందని దస్తావేజులో రాయించడం. అందులో భార్య పేరు కూడా ఉండాలి. రెండోది, తిండి, వసతి, వైద్యం చూసుకోవాలన్న షరతుతోనే ఇస్తున్నట్టు స్పష్టంగా రాయించడం. 2007 తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు తప్పితే దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. షరతు రాయకపోతే నిరూపించడం కష్టమవుతుంది. రాసేవారు "ఆ మాట ఎందుకులెండి, మీ అబ్బాయే కదా" అంటారు. పట్టుబట్టి రాయించుకోండి.

ఆ ట్రిబ్యునల్ ఆర్డీవో కార్యాలయంలోనే ఉంటుంది. పోషణ కోసం 60 ఏళ్లు దాటినవారు స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు, నెలకు 10,000 వరకు ఇప్పించే అధికారం దానికి ఉంది. ఎలా చేయాలో తెలియకపోతే వృద్ధుల సహాయ నంబరు 14567కు, ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి. రెండింటికీ ఖర్చు లేదు.

పింఛను, రేషన్, వైద్యం కార్డులు

రేషన్ కార్డు మార్చుకోనవసరం లేదు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో ఏ ఊళ్లోనైనా బియ్యం తీసుకోవచ్చు. రాష్ట్రాల మధ్య ఇది 2019 ఆగస్టులో మొట్టమొదట మొదలైన జతల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. కొడుకు కార్డులో మీ పేరు కలిపే ముందు మాత్రం ఆలోచించండి. ఆ కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉంటే మీ పింఛను అర్హత పోయే ప్రమాదం ఉంది. మీ కార్డు మీకు వేరుగా ఉండటమే మంచిది.

పింఛను మాత్రం పేరు నమోదైన చోటే ఇస్తారు. మారే ముందు సచివాలయంలో గానీ, పంచాయతీ కార్యదర్శి దగ్గర గానీ కొత్త చోటికి బదిలీ గురించి, వరుసగా ఎన్ని నెలలు తీసుకోకపోతే ఆగుతుందన్న దాని గురించి అడిగి తెలుసుకోండి. పొలం పనితో అరిగిపోయిన వేళ్లకు వేలిముద్ర పడకపోవడం మనందరికీ తెలిసిన బాధ. ఊరు వదిలే ముందే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కంటిపాప, ఫోన్ నంబరు కొత్తగా నమోదు చేయించుకోండి. ఫోన్ నంబరు మీదే ఉండాలి, కొడుకుది కాదు.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏటా 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. ఇతర రాష్ట్రాల్లో కూడా జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో చెల్లుతుంది కాబట్టి బెంగళూరు, పుణె, చెన్నై వెళ్లేవారు ఆధార్‌తో తప్పక చేయించుకోవాలి. ఇద్దరికీ వేరువేరుగా కార్డు కావాలి.

ఎప్పుడు, ఎలా మారాలి

పంట ఇంటికి చేరాక, కౌళ్లు మాట్లాడుకునే ఉగాదికి ముందు మారడం అనుకూలం. మొదటిసారి సామాను మొత్తం తీసుకుపోవద్దు. రెండు పెట్టెలు, మందులు, కాగితాల సంచితో వెళ్లి ఒక పంట కాలం, అంటే నాలుగైదు నెలలు ఉండి చూడండి. ఆ కాలంలో ఒక వాన, ఒక జ్వరం, ఒక పండగ అక్కడ గడపాలి. ఆ తర్వాత ఇద్దరూ విడివిడిగా చెప్పాలి, ఉండగలమా లేదా అని. ఒకరికి నచ్చి మరొకరికి నచ్చకపోతే దగ్గరి పట్టణం మార్గాన్ని మళ్లీ చూడండి.

గేదెలను పాలిచ్చే దశలోనే అమ్మండి. వట్టిపోయాక అమ్మితే సగం ధర కూడా పలకదు. వెళ్లే వారం హడావుడిగా అమ్మితే దళారీకి ఆ సంగతి తెలిసిపోతుంది. కాబట్టి రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. ట్రాక్టరు పనిముట్లు, స్ప్రేయరు లాంటివి కౌలుదారుకే అమ్మడం సులువు.

ఊళ్లో ఇల్లు మొదటి రెండేళ్లు అమ్మవద్దు. తాళం వేసి వదిలేయవద్దు కూడా. మనిషి మసలని ఇంటికి చెదలు పడుతుంది, పెంకులు జారితే మొదటి వానకే గోడలు నానుతాయి. అద్దె తక్కువైనా, అసలు తీసుకోకపోయినా, దీపం పెట్టే మనిషికి ఒక వైపు ఇచ్చి మరో గది మీకు ఉంచుకోండి. కరెంటు బిల్లు నెలనెలా కట్టకపోతే మీటరు తీసేస్తారు, మళ్లీ కనెక్షన్‌కు తిరగాలి. పంచాయతీ ఇంటిపన్ను ఏటా కట్టి రసీదు దాచండి. ఆ గదిలో ఒక మంచం, రెండు దుప్పట్లు, గ్యాస్ పొయ్యి, నాలుగు గిన్నెలు ఉంటే, ఏ రోజు బస్సెక్కినా ఆ రాత్రికి మీ ఇంట్లో మీరు పడుకోవచ్చు.